మధుర జేరు దారి (టీకా తాత్పర్య సహితము)

పొద్దు గుంకు ముందె పొల్లాచి దాటుము
పళని కొండ చూచి పక్క దిరుగు
దిండుగల్లు కాడ తేనీరు తాగుము
మధుర జేరు దారి మనకు నిదియె

అవతారిక. ఈ పద్యం పుట్టింది కోయంబత్తూరు పీళమేడులో, ఒక పెళ్ళిమంటపం వాకిట. వేళ మధ్యాహ్నం. పంక్తి లేచింది, తాంబూలపు సంచులు చేతికొచ్చాయి, మధుర నుంచి వచ్చిన చుట్టాలు కారెక్కబోతున్నారు. ఎక్కబోతున్నారంటే ఇంకో ముప్పావుగంటకు ఎక్కుతారని అర్థం. బండి తోలే అల్లుడు నోరు జారి "ఏ తావన పోతే బాగుంటాది మామా?" అన్నాడు. అడక్కపోయినా చెప్పేవాళ్ళే, అడిగాక ఊరుకుంటారా? కారు చుట్టూ గుమిగూడారు. పల్లడం అన్నారొకరు, కరూరు అన్నారొకరు. ఆ గొడవలో ఒక మామ గొంతు సవరించుకుని ఈ ఆటవెలది చదివాడు.

మధుర నాయకరాజుల కొలువులో తెలుగు వచనం బాగా వర్ధిల్లింది. విజయరంగ చొక్కనాథుడంతటివాడు శ్రీరంగ మాహాత్మ్యాన్ని వచనంలోనే రాశాడు. మరి ఈ మామ పద్యానికి ఎందుకు పోయాడని శంక. వచనంలో దారి చెబితే రెండో వాక్యానికే అడ్డం వస్తారు. పద్యమైతే నాలుగు పాదాలూ అయ్యేదాకా మర్యాదకైనా ఆగుతారు.

ఇక వ్యాఖ్యాత సంగతి. కోలాచలం మల్లినాథసూరి మనవాడే. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఈ వ్యాఖ్యాత ఆ రెంటిలో దేనికీ మాటివ్వడు. దారి చెప్పేటప్పుడు అక్కర్లేనివి చెప్పకుండా ఆగిన మామ కొంగునాట ఇంకా పుట్టలేదు.

ప్రతిపదార్థం. పొద్దు = సూర్యుడు; గుంకు ముందె = అస్తమించక మునుపే, అనగా వీడ్కోళ్ళు త్వరగా ముగించుకుని; పొల్లాచి = కొబ్బరితోటలకు, పశువుల సంతకు పేరుపడ్డ ఊరిని; దాటుము = ఆగక గడచిపొమ్ము; పళని కొండ = దండాయుధపాణి వెలసిన కొండను; చూచి = కారు అద్దంలోంచే కన్నులారా కని; పక్క దిరుగు = ఊళ్ళో చొరబడక బైపాసు పట్టుము; దిండుగల్లు కాడ = తాళాలకు, బిరియానికి ప్రసిద్ధమైన ఆ పట్టణం చెంత; తేనీరు = టీని, టీని మాత్రమే; తాగుము = తాగుము; మధుర జేరు దారి = ఇంటికి పోవు మార్గము; మనకున్ = మనవాళ్ళకు; ఇదియె = ఇదొక్కటే.

పూర్వపక్షం. ధారాపురం మతస్థులు ఈ పద్యాన్ని మొదటి పాదంలోనే ఖండిస్తారు. వాళ్ళ వాదం తీసిపారేసేది కాదు. పీళమేడు నుంచి పొల్లాచికి పోవాలంటే కోయంబత్తూరు నగరమంతా ఈదాలి. అదే సింగానల్లూరు మీదుగా తిరుచ్చి రోడ్డెక్కి సూలూరు, పల్లడం, కుండడం, ధారాపురం, కళ్ళిమందయం అని దిగితే ఒడ్డన్‌ఛత్రంలో తేలతారు. దూరం కొంత కలిసొస్తుంది, మధ్యలో పెద్ద ఊళ్ళూ తక్కువ. నిజమే. కాని ఆ దారిలో పల్లడం దాటేదాకా కోళ్ళ బండి ఒకటి ముందు తగులుతుంది. ప్లాస్టిక్ బుట్టల్లోంచి తెల్ల ఈకలు లేచి మన అద్దం మీద వాలుతుంటాయి. వైపర్ వేస్తే అంటుకుంటాయి, వెయ్యకపోతే కనపడదు. ఆడి మాసంలోనైతే పాలక్కాడు కనుమలోంచి దూసుకొచ్చే గాలి గాలిమరలను తిప్పి ఊరుకోదు, చిన్న కారును పక్కకు నెడుతుంది.

ఇవన్నీ పైపై కారణాలు. అసలు దోషం ఛందస్సులో ఉంది. "పొద్దు గుంకు ముందె పల్లడము దాటుము" అని వాళ్ళు పాఠాంతరం తెచ్చారు. పల్లడము గురువు మీద మూడు లఘువులు, అది ఇంద్రగణమే కాదు. తమిళంలో లాగా పల్లడం అని సున్న పెట్టి రగణం చేశారనుకుందాం, గణం నిలుస్తుంది. యతి? పొకారానికి పకారం పొసగదు. యతి చెడిన దారిన ఇల్లు చేరినవాడు లేడని సిద్ధాంతం.

కరూరు మతం మూడోది. కాంగేయం, వెల్లకోవిల్ మీదుగా కరూరు పోయి 44వ నంబరు జాతీయ రహదారి పట్టడం. చుట్టు ఎక్కువ. కొత్త కారు కొన్నవాళ్ళు దాన్ని పరుగెత్తించి చూడటానికి కల్పించుకున్న మతమది, ఖండనకు తగదు.

విశేషాలు. "పొద్దు గుంకు ముందె" అన్నారు. పొల్లాచి ఎంత, నలభై కిలోమీటర్లు. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరేవాడికి సాయంత్రం గడువిచ్చి పొల్లాచి దాటమనడం వాణ్ణి అవమానించడం కాదా? శంకించినవాడు తెలుగు పెళ్ళి నుంచి ఎన్నడూ బయల్దేరి ఉండడు. కవి గడువు చాలదేమోననే భయపడ్డాడు. ఇందులో ఇంకొక సూక్ష్మం ఉంది. పొల్లాచి దాకా దారి దక్షిణానికి పోయి, అక్కణ్ణించి తూర్పుకు మళ్ళుతుంది. ఆ మలుపు తిరిగినవాడికి వాలుపొద్దు వీపున పడుతుంది, కళ్ళలో పడదు. పొద్దు గుంకాక మళ్ళినవాడికి మాత్రం వెనక దీపాలు లేని చెరకు ట్రాక్టరు ఎదురుచూస్తూ ఉంటుంది. మడత్తుకుళం దగ్గర కృష్ణాపురంలో చక్కెర మిల్లు ఉన్నదని తెలిసినవాళ్ళు ఈ మాటను కవిసమయమని కొట్టిపారేయరు.

"పళని కొండ చూచి" అనే చోట వ్యాఖ్యాతలు రెండుగా చీలారు. చూస్తే చాలునా, ఎక్కాలా? ఎక్కడానికి ఏడువందలకు కాస్త తక్కువ మెట్లు. విన్చీ ఉంది, రోప్‌కారూ ఉంది, వాటికి వరసలూ ఉన్నాయి. వెనక సీట్లో కూర్చున్న అత్తయ్య "ఇంత దూరం వచ్చి సామిని చూడకుండా పొయ్యేదా?" అంటే ధాత్వర్థం ఆమె పక్షాన ఉంటుంది. మామ పక్షం వేరు. బైపాసు మీద బండి వేగం తగ్గించి, కిటికీ దించి, ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి రెండో చేత్తో దణ్ణం పెడితే దర్శనం సిద్ధించినట్టే. ఆగి పంచామృతం కొనుక్కోవడం మధ్యేమార్గం. అందులో పడేది విరూపాక్షి కొండ అరటిపండు గనుక అది కూడా ఈ దారి సరుకే.

ఈ విధికి ఒక అపవాదం ఉంది. తైపూసం రోజుల్లో, అంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో, ఈ దారి కారువాళ్ళది కాదు. ఆకుపచ్చ పంచెలు, కావళ్ళు, రోడ్డంచున బారులు తీరి నడిచే జనం. రాత్రిపూట వాళ్ళ సంచులకు అంటించిన ఎర్ర స్టిక్కర్లు మన దీపాలకు మెరుస్తుంటాయి. ఆ రోజుల్లో ధారాపురం మతస్థుడిని నెగ్గనివ్వడమే ధర్మం.

"తేనీరు" దగ్గర కుర్రవ్యాఖ్యాతలు లక్షణావృత్తిని ఆశ్రయిస్తారు. దిండుగల్లులో తేనీరు అంటే సీరగ సాంబ బియ్యపు బిరియాని అనే లక్ష్యార్థం తీసుకోవాలట. పెళ్ళిలో సాంబారూ పాయసమూ తిన్న నోటి బాధ మనకు అర్థమవుతుంది, శాస్త్రానికి అర్థం కాదు. ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడే లక్షణ. ఇక్కడ టీ దొరుకుతోంది గనుక బాధ లేదు. పైగా కవి హృదయం వేరు. దిండుగల్లు నుంచి మధురకు అరవై ఐదు కిలోమీటర్ల సమతల రహదారి. ఎడమ వైపు సిరుమలై, ముందు తిన్నని తారు, లోపల ఏసీ, కడుపులో పెళ్ళిభోజనం. నిద్రకు ఇంతకంటే సామగ్రి అక్కర్లేదు. దాని మీద బిరియాని కూడా పెడితే కొడై రోడ్డు టోల్‌గేటు దగ్గర నిద్రలేపాల్సింది కారులో ఎవరినో ఊహించుకోండి.

టోల్‌గేటు మాట వచ్చింది గనుక ఇంకొకటి. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మధుర నాయకుల ఏలుబడిలో సీమ అంతా డెబ్భైరెండు పాళెగాళ్ళ చేతుల్లో ఉండేది. దారిన పోయేవాళ్ళకు దొంగల బెడద లేకుండా చూసి, అందుకు దేశకావలి అని రుసుము వసూలు చేసేవారు. ఇవాళ ఫాస్టాగ్ కోసుకునేది అదే రుసుము. అప్పట్లో సొమ్ము పోతే పాళెగాడు జవాబు చెప్పాల్సి వచ్చేది.

చివరి పాదంలో "మనకున్" అన్నదే ఈ పద్యానికి ఆయువుపట్టు. తక్కిన మూడు పాదాలూ ఏ లారీ డ్రైవరైనా చెప్పగలడు. ఈ దారి మనకెలా అయింది?

రాజకంబళ నాయకుల్లో ఒక కథ ఉంది. ఉత్తరాన్నుంచి తరుముకొస్తున్న గుర్రపుదండు వెనక, ఉప్పొంగే ఏరు ముందు. అప్పుడు గట్టుకొకటిగా రెండు పుంగచెట్లు, మన కానుగలే, వంగి వంతెన అయ్యాయట. మనవాళ్ళు దాటగానే లేచి నిలబడ్డాయట. దారి మూసుకుపోయినప్పుడు ఇంకో దారి చూపించిన మొదటి యంత్రం ఆ చెట్టే. దానికి సిగ్నలు పోయిందని కూడా ఎవరూ చెప్పలేదు.

అలా వచ్చినవాళ్ళు ఈ దారి పొడుగునా దిగబడ్డారు. ఒడ్డన్‌ఛత్రానికీ పళనికీ మధ్య విరూపాక్షి ఉంది. అక్కడి పాళెగాడు గోపాల నాయకుడు కంపెనీ మీద తిరగబడి 1801లో ఉరికెక్కాడు. మధుర గద్దె మీద రాణి మంగమ్మ 1689 నుంచి పదిహేనేళ్ళకు పైగా మనవడి పేర రాజ్యం నడిపింది. మర్చిపోయి ఎడమచేత్తో తాంబూలం నోట పెట్టుకున్నందుకు ప్రాయశ్చిత్తంగా బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించిందని కథ. కథ ఎలా ఉన్నా, మధుర రైలుస్టేషను ఎదుట ఆమె సత్రం నేటికీ ఉంది. పైన చెప్పిన విజయరంగ చొక్కనాథుడే ఆ మనవడు. అవ్వ బాటలు వేసింది, మనవడు వచనం రాశాడు. రెంటిలో ఏది ఎక్కువమందికి ఉపయోగపడిందో చెప్పనక్కర్లేదు.

ఇక మామ నోట మాటిమాటికీ వచ్చే ప్రమాణం జి.డి. నాయుడు. కలంగల్‌లో 1893లో పుట్టిన ఆయన, 1920లో ఒక బస్సు కొని తానే తోలుతూ నడిపిన దారి ఏదనుకున్నారు? పొల్లాచి నుంచి పళని. యూనివర్సల్ మోటార్ సర్వీసు అక్కడ మొదలైంది. ధారాపురం వాదులు ఎంత గణితం చెప్పినా మామ ఈ ఒక్కమాటతో లెక్క మూసేస్తాడు: "నాయుడుగారు బస్సు తోలిన రోడ్డు గదా ఇది!"

పాశ్చాత్య మతం. హాలెండుకు చెందిన డైక్‌స్ట్రా అనే ఆచార్యుడు 1956లో ఆమ్‌స్టర్‌డాంలో ఒక కాఫీ అంగట్లో కూర్చుని, కాగితం కలం లేకుండా, ఇరవై నిమిషాల్లో దగ్గరదారి కనిపెట్టే సూత్రం ఆలోచించాడు. రోటర్‌డాం నుంచి గ్రోనింగెన్‌కు ఏది దగ్గర అన్నది ఆయన మొదట వేసుకున్న ప్రశ్న. 1959లో అచ్చయింది. ఇవాళ గూగులమ్మ చెప్పేది కూడా ఆ సంప్రదాయంలోంచి వచ్చిన భాష్యమే. ఊరికీ ఊరికీ మధ్య ప్రతి ముక్కకూ ఒక వెల కట్టి, మొత్తం వెల తక్కువైన దారి పట్టాలన్నది సూత్రం. దోషం లేని సూత్రం. వెల కట్టడం దగ్గరే వస్తుంది చిక్కు. నిమిషానికి వెల కట్టవచ్చు, పెట్రోలుకు కట్టవచ్చు. ఉడుమలపేట అత్తకు ఎంత కడతావు?

ఉడుమలపేట అత్త పద్యంలో లేదు. పొల్లాచి తర్వాత, పళనికి ముందు, రెండు పాదాల సందున ఉంది. పాత రోడ్డు, అంటే ప్రాచీనులు 209 అనీ నవీనులు 83 అనీ పిలిచే రహదారి, ఊరి నడివీధిలోంచి పోయేది. ఆ వీధిలోనే అత్త ఇల్లు. అప్పట్లో ఏ శంకా లేదు. బండి ఎలాగూ బస్సుల వెనక చిక్కుకునేది, అత్త ఎలాగూ వాకిట్లో ఉండేది, కాఫీ ఎలాగూ తాగేవాళ్ళు. తొందరగా ఉంటే "ట్రాఫిక్కులో నిలపలేదు అత్తా" అంటే చెల్లేది. ఇప్పుడు పొల్లాచి నుంచి దిండుగల్లు వైపు నాలుగు వరుసల దారి వేశారు. అది ఊళ్ళను తాకకుండా పొలాల్లోంచి పోతుంది. అరగంట మిగిలిందని అందరూ సంతోషించారు. కాని అత్తను దాటిపోవడం ఇదివరకు దారి చేసిన పని, ఇప్పుడది మనం చేసిన పనైంది. మలుపు దగ్గర పచ్చ పలక మీద ఉడుమలపేట అని పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. చూడలేదనడానికి లేదు. మర్నాడు ఫోనులో "మా ఊరి తావనే పోయినారంట, కాపీకి గూడా నిలవలేదంట" అన్న మాట వస్తుంది. ఎవరు చేరవేశారని అడగరాదు. పెళ్ళిమంటపం వాకిట ఈ పద్యం విన్నవాళ్ళలో అత్త చెల్లెలు కూడా ఉంది.

అందుకే వ్యాఖ్యాత అభిప్రాయం ఇది. పల్లడం దారి పట్టినవాణ్ణి అత్త క్షమిస్తుంది, వాడు అసలు ఆ వైపే రాలేదు. బైపాసు మీద పోయినవాణ్ణి క్షమించదు. మామ పద్యంలో ఉడుమలపేటను దాచిపెట్టడం అజ్ఞానం కాదు, ఆమె సొంత అన్నగారి చాతుర్యం.

తాత్పర్యం. ఓ అల్లుడా, చీకటి పడకముందే పొల్లాచి దాటి, పళని సామికి దూరం నుంచే మొక్కి, దిండుగల్లులో టీ తాగి ఇంటికి పొమ్ము. నడుమ కాఫీ తాగావా లేదా అన్నది మీ అత్తకూ నీకూ మధ్య సంగతి, నన్ను సాక్షికి పిలవవద్దు.

ఇంకొక శంక మిగిలింది. ఇదే మామ కిందటి తైమాసంలో మధురకు ఒక గృహప్రవేశానికి వచ్చి, తిరిగి పోయేటప్పుడు నాయుడుగారి రోడ్డు వదిలేసి ధారాపురం మీదుగా పోయాడు. కారణం అడిగితే పద్యం మధుర చేరే దారికే గాని తిరుగుదారికి వర్తించదని చెప్పాడు. దానికి వేరే పద్యం ఉందట. చదవమంటే యతి ఇంకా కుదరలేదన్నాడు.