సున్నా డిగ్రీల తోడల్లుడు

మా తోడల్లుడు నానక్‌రామ్‌గూడలో ప్రోగ్రామ్ మేనేజరు. కాపురం నల్లగండ్లలో, పదకొండో అంతస్తు. ఆ ఇంటి బాల్కనీలోకి వెళ్లాలంటే పిల్లల సైకిళ్లు, మడత కుర్చీలు, ఇంతవరకూ నీళ్లు చూడని ఒక గాలి పడవ దాటాలి. అక్కడి దాకా వెళ్లి బట్టలారేసి వచ్చే మా వదినగారే ఆ ఇంట్లో అసలైన ట్రెక్కరు.

ఈ రకం మనుషులు మీకూ తెలుసు. శనివారం డెకాథ్లాన్‌లో పిల్లాణ్ని బండిలో కూర్చోబెట్టి, వాడి నెత్తికి హెడ్‌ల్యాంపు తగిలించి వెలుగు సరిచూస్తుంటారు. జనరేటర్ ఉన్న అపార్ట్‌మెంట్లో పుట్టిన ఆ పసివాడికి చీకటంటే సినిమా హాలే. మా తోడల్లుడికి నాలుగు హెడ్‌ల్యాంపులు. ఒకటి పెట్టుకుని అటకెక్కి మిగతావి వెతుక్కుంటాడు.

పోయినేడు సున్నా డిగ్రీలకు తట్టుకునే స్లీపింగ్ బ్యాగులు కొన్నాడు, ఇంట్లో తలకొకటి. "హైదరాబాదులో సున్నా ఎక్కడిది అన్నగారూ?" అన్నాను. "ఎప్పుడైనా లంబసింగి వెళ్లమా ఏంటి?" అన్నాడు. వెళ్లేలోపు టెస్టింగ్ జరగాలిగా! మే నెలలో ఏసీ పదహారులో పెట్టి అందులో దూరి పడుకున్నాడు. అర్ధరాత్రి జిప్పు ఇరుక్కుంది. వదినగారు కొబ్బరినూనె రాసి మనిషిని బయటికి తీశారు.

ఇంతకీ వెళ్లింది అనంతగిరికి. మూసీ పుట్టిన కొండలు, అనంత పద్మనాభస్వామి గుడి, అడవిలో కాలిబాట. నగరానికి 80 కిలోమీటర్లు, పులిహోర కట్టుకుని వెళ్లి పొద్దుగూకేలోపు వచ్చేయొచ్చు. దానికాయన ఎక్సెల్ షీటు వేశాడు. ప్రతి వస్తువుకూ ఒక ఓనరు, ఒక గడువు. దోమల మందుకు ఓనర్ని నేను. తెల్లారి ఐదింటికి బయల్దేరాల్సినవాళ్లం, డిక్కీ సర్ది, విప్పి, మళ్లీ సర్ది, పదకొండింటికి అప్పా జంక్షన్ దాటాం. అక్కణ్నుంచి మన్నెగూడ వైపు రోడ్డుకు అటూ ఇటూ పాత మర్రిచెట్లు. ఊడలు చూసి పిల్లలు ఆపమని గోల. "షెడ్యూల్లో లేదు" అన్నాడు. అని, ఆపాడు. పిల్లల ఏడుపు ముందు ఆయన షెడ్యూలు ఏదీ నిలవదు. ఆ మనిషిని మేం భరించేది అందుకే.

దారంతా మాలావత్ పూర్ణ కథ. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకుల పాఠశాలలో చదువుకుంటూ, భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆయన బాగా చెబుతాడు, గొంతు జీరపోతుంది కూడా. అంతా విని చిన్నకొడుకు, "నాన్నా, భువనగిరికి ఆ అక్క కూడా డిక్కీ నిండా సామాన్లు తీసుకెళ్లిందా?" అన్నాడు. ఆయన అద్దంలోంచి నా వంక చూశాడు. నేను నవ్వలేదు. వదినగారు నవ్వారు.

పిల్లాణ్ని వీపున మోసే క్యారియరు కొన్నాడు, నడుం బెల్టు, నెత్తిన గొడుగు అన్నీ ఉన్నది. వాడు అందులో ఎక్కనన్నాడు. నాన్న భుజాలే కావాలన్నాడు. కాబట్టి పిల్లాడు భుజాల మీద, క్యారియరు నా వీపున, అందులో పులిహోర డబ్బా. గాల్లోకి విసిరితే రెండు సెకన్లలో విచ్చుకునే టెంటు నిజంగానే రెండు సెకన్లలో విచ్చుకుంది. మడవడానికి రెండు కుటుంబాలు చాల్లేదు. వీడియో చూద్దామంటే సిగ్నల్ లేదు. మేకలు కాస్తున్న కుర్రాడొకడు కాసేపు చూసి, వచ్చి దాని మీద కూర్చున్నాడు. లొంగింది. మా తోడల్లుడు తన నెత్తినున్న హెడ్‌ల్యాంపు తీసి వాడికి తొడిగాడు. బ్యాటరీ ఎలా మార్చాలో కూడా చూపించాడు.

ఆయనకు నా మీదున్న ఫిర్యాదు ఒక్కటే, హవాయి చెప్పులు. "గ్రిప్ ఉండదయ్యా!" అంటాడు. నేనూ ఊరుకోలేదు. తర్వాతి ఆదివారం ఆ చెప్పులతోనే, ఒక సీసా నీళ్లతో పిల్లలందర్నీ ఖాజాగూడ గుట్టలకు తీసుకెళ్లాను. దాదాపు 250 కోట్ల ఏళ్ల రాళ్లు, అద్దాల ఆఫీసుల పక్కనే ఉన్నాయి. పిల్లలు నున్నటి బండ వెతుక్కుని జారుడు మొదలెట్టారు. అరగంటకు ఈయన మోకాలి ప్యాడ్లు, జలగలు పట్టని మేజోళ్లు, మందుల పెట్టె మోసుకుంటూ ఎక్కొచ్చాడు. ఆ గుట్ట మీద జలగేమిటని అడగబోయేలోపే సంచి పక్కన పడేసి, పిల్లల వెనక వరసలో నిలబడ్డాడు. జారాడు. మళ్లీ ఎక్కి జారాడు. పెద్ద ఖరీదు పెట్టి కొన్న ట్రెక్కింగు ప్యాంటు వెనకాల పర్రుమంది.

సోమవారం ఆఫీసులో ఉండగా షీటు వచ్చింది. కొత్త వరస చేర్చాడు: "మందం ప్యాంట్లు, గ్రానైటుకు ఆగేవి, ఇద్దరికీ. ఓనరు: తమ్ముడు. గడువు: శుక్రవారం."