చిలక లేని మాంత్రికులు

"తాతయ్యా, నీ క్లాసేంటి?" అంది మా మనవరాలు, పెన్సిలు చెవి మీంచి తీసి.

పీయూసీలో సెకండు క్లాసు వచ్చిందని చెప్పాను. ఆ క్లాసు కాదట. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ కిసుక్కుమన్నారు.

శనివారం సాయంత్రం అయిందంటే మా భోజనాల బల్ల నాది కాదు. ఇంజనీరింగు చదివే పిల్లలు అయిదుగురు చేరి, ఇరవై ముఖాలున్న పాచికలు దొర్లిస్తూ అర్ధరాత్రి దాకా లోకాలు ఏలుతుంటారు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావాళ్ళు కనిపెట్టారు. మా పిల్ల అందులో సూత్రధారి. కథ నడిపేది, రాక్షసుల్ని తోలేది, చచ్చినవాడు చచ్చాడని తేల్చేదీ అదే. ఆవేళ ఒక కుర్రాడు రాలేదు. పేకాటలో చెయ్యి తక్కువైతే పక్కింటాయన్ని పిలిచినట్టు నన్ను పిలిచారు. నేనూ వెళ్ళాను, మోకాళ్ళ నెప్పులున్నా మంత్రాలంటే మోజు పోలేదు కనుక.

ఒక కాగితం ఇచ్చారు. ఆదాయప్పన్ను ఫారం కూడా ఇంతకన్నా నయం. బలం ఎంత, తెలివి ఎంత, ఆకర్షణ ఎంత, అన్నిటికీ అంకెలు. మంత్రగాడివైతే ఏ రకం మంత్రగాడివో టిక్కు పెట్టాలి. పుస్తకాలు చదివి నేర్చుకుంటే విజర్డు. పుట్టుకతోనే నెత్తుట్లో ఉంటే సార్సరర్. ఏ పాతాళశక్తితోనో ఒప్పందం రాసుకుంటే వార్లాక్. విద్యలేమో ఎనిమిది శాఖలు: రక్షణకొకటి, భ్రాంతికొకటి, శవాలకొకటి, అలా. "మన అష్టసిద్ధుల్లాగే ఎనిమిది తాతయ్యా" అని నన్ను మంచి చేసుకోబోయింది. అణిమ, మహిమ, గరిమ, లఘిమ తపస్సుకి వస్తాయే, టిక్కు పెడితే వస్తాయటే అన్నాను. "సరే, తపస్సు చేసినట్టు రాసుకో, బ్యాక్‌గ్రౌండ్ కాలంలో" అంది.

తపస్సు ఒక కాలం. అదీ ఐచ్ఛికం.

మా రోజుల్లో మాంత్రికుడంటే శాఖ కాదు, మనిషి. మా ఊళ్ళో టూరింగు టాకీసు డేరా వేసినప్పుడు, నాకు తొమ్మిదేళ్ళప్పుడనుకుంటాను, నేల టిక్కెట్టు కొని పాతాళ భైరవి చూశాను. సినిమా 1951లోనే వచ్చింది గానీ మా ఊరికి ఏదైనా తీరిగ్గానే వచ్చేది. ఆ నేపాళ మాంత్రికుడి గడ్డం, ఆ కళ్ళు, డింభకా అని పిలిచే ఆ గొంతు! ఎస్వీ రంగారావుకి అప్పటికి ముప్ఫై మూడేళ్ళు నిండలేదంటే ఎవరు నమ్ముతారు? ఆ రాత్రి నేను మా నాయనమ్మ మంచం దిగలేదు. దొడ్లోకి వెళ్ళాలన్నా ఆవిడ లాంతరు పట్టుకుని రావాల్సిందే.

భయపడ్డాను సరే, ఇప్పుడు ఆలోచిస్తే అతగాడి బాధ వేరు. అన్ని విద్యలూ తెలిసినవాడు, గుహ ఉంది, సదాజపుడనే శిష్యుడున్నాడు. అయినా కోరినదిచ్చే ఆ అమ్మవారి ప్రతిమ తనంతట తనకి దక్కదు. సాహసవంతుడైన కుర్రాణ్ణి బలి ఇవ్వాలి. అందుకని అంతటివాడూ ఉజ్జయిని దాకా వచ్చి తోటమాలి కొడుకుని బతిమాలుకుని, ఆశపెట్టి, వెంటబెట్టుకుని వెళ్ళాలి. చివరికి ఆ కుర్రాడి చేతిలోనే చచ్చాడు. మళ్ళీ బతకడానికి సదాజపుడు సంజీవని తేవలసి వచ్చింది. ఒక్క అడుగైనా ఒంటరిగా వేశాడా ఆ మహామాంత్రికుడు?

అందరూ అంతే. విక్రమార్కుడి కథలో భిక్షువు సంగతి చూడండి. అర్ధరాత్రి శ్మశానంలో ముగ్గేసుకుని కూర్చోగలడు గానీ చెట్టు మీద శవాన్ని దింపి తేలేడు. దానికి ఒక రాజు కావాలి. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు కథాసరిత్సాగరం రాసిన నాటికి ఆ బేతాళ కథలు ఇరవై అయిదు. ఇరవై అయిదుకి ఆ భిక్షువు పని ముగిసింది, తల కూడా తెగింది. మన చందమామ వాళ్ళు మాత్రం కథకి కథ కల్పించి, దశాబ్దాల తరబడి శవాన్ని మళ్ళీ చెట్టెక్కించారు. పాపం ఆ భిక్షువు! ముగ్గు చెరిగిపోయి ఉంటుంది, దీపంలో నూనె ఎన్నిసార్లు పోసుకున్నాడో. ఆయన ఓపిక గురించి ఎవరూ ఒక్క కథా రాయలేదు.

చందమామ మాటొచ్చింది గనక చెబుతాను. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు ఉండేవి. 1954లో తోకచుక్కతో మొదలు. ఆ తరవాత ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, శిథిలాలయం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. పేరు వేసుకోలేదాయన. ఎవరు రాస్తున్నారో తెలియకుండానే నెలంతా ఎదురుచూసేవాళ్ళం. చిత్రా గారి బొమ్మల్లో మాంత్రికుడి చేతి కర్ర చివర ఏముందో చూడ్డానికి మా అన్నయ్యా నేనూ పుస్తకం చెరో కొసా లాగితే అట్ట నా చేతికొచ్చింది. మా నాన్న ఇద్దరికీ సమానంగా వడ్డించారు. ఇప్పుడు ఈ పిల్లలకి పన్నెండు వారాల కథ ఒక్క రాత్రిలో చూసేయడం గొప్ప. నెల రోజులు కొండచిలువ నోటికి జానెడు దూరంలో కథానాయకుణ్ణి వదిలేసి బడికి పోవడం అంటే ఏమిటో వీళ్ళకి తెలియదు.

ఆట మొదలైంది. నేను విజర్డునని తేల్చారు, ముసలివాణ్ణి గనక. మొదటి గుహలోనే నాకున్న మంత్రాలు అయిపోయాయి. ఇప్పుడెలా అంటే, "లాంగ్ రెస్ట్ తీసుకో తాతయ్యా. ఎనిమిది గంటలు పడుకుంటే మళ్ళీ వచ్చేస్తాయి" అన్నాడు పక్కనున్న కుర్రాడు. పడుకుంటే మంత్రం వస్తుందట! మా వాళ్ళు రెప్ప వాలిస్తే సాధన అంతా బూడిదయ్యేది.

ఇలా మంత్రం వాడగానే ఖాళీ అవడమేమిటని అడిగితే మనవరాలు ఉత్సాహంగా చెప్పింది. జాక్ వాన్స్ అనే ఆయన 1950లో ది డయింగ్ ఎర్త్ అని పుస్తకం రాశాడట. అందులో మంత్రగాడి బుర్రలో ఏ కొన్ని మంత్రాలో తప్ప పట్టవు. ఒకసారి పలికితే అది బుర్రలోంచి చెరిగిపోతుంది, మళ్ళీ కూర్చుని వల్లె వేయాలి. ఆటవాళ్ళు ఆ పద్ధతే తెచ్చుకున్నారు. నేను కాసేపు మాట్లాడలేదు. మంత్రం మరచిపోవడమంటే మాకు కర్ణుడు. పరశురాముడి దగ్గర అబద్ధమాడి నేర్చిన అస్త్రం, అవసరమైన ఘడియలోనే గుర్తుకు రాకుండా పోయింది. రథచక్రం దిగబడి, ఎదురుగా అర్జునుడు నిలబడితే. అదీ మరపంటే. దానికి వెనక ఒక గురువు, ఒక మోసం, తొడ తొలిచిన పురుగు ఉన్నాయి. వీళ్ళ మరపు ఫోను చార్జింగు లాంటిది. ఉన్నమాట చెప్పాలంటే, ఆ వాన్స్ పుస్తకం ఎక్కడ దొరుకుతుందని తరవాత చాటుగా అడిగాను.

ఇంకొకావిడ ఉందట, ఉర్సులా లెగ్విన్. 1968లో మొదటి నవల వచ్చిన ఎర్త్‌సీ కథల్లో ప్రతి మనిషికీ, రాయికీ, పిట్టకీ అసలు పేరొకటి ఉంటుంది, అది తెలిసినవాడికి దాని మీద అధికారం. ఈవిడతో నాకు పేచీ లేదు. మా అమ్మ జన్మలో మా నాన్న పేరు పలకలేదు. రేషను కార్డు దగ్గర గుమాస్తా అడిగితే నన్ను ముందుకి తోసేది. ఉపదేశం చెవిలో చెప్పేవారు, మూడో మనిషికి వినపడితే దాని పస పోతుందని. పేరుకి బరువుందని ఆ అమెరికా ఆవిడ కూడా అందంటే సంతోషమే.

సామగ్రి దగ్గర నాకు నిజంగా ముచ్చటేసింది. వీళ్ళ మంత్రాలకి మూడు అంగాలు: నోటితో పలకడం, చేత్తో ముద్ర పట్టడం, ద్రవ్యం. నిప్పుబంతి విసరాలంటే గబ్బిలం రెట్ట, గంధకం కావాలట. ఓరి నాయనా, ఇది మనవాళ్ళ సరుకే! గబ్బిలం రెట్టలోంచి సూరేకారం తీసేవారు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపితే మందుగుండు. దీపావళికి మా చిన్నాన్న చిచ్చుబుడ్లు కూరిన లెక్క అదే. ఎవడో వెనకటివాడు తెలిసే రాశాడు. రెట్ట కోసం ఏ పాడుగుడికి వెళ్ళాలి, ఏ తిథి అని అడిగాను ఆనందంగా.

"అక్కర్లేదు తాతయ్యా. కాంపొనెంట్ పౌచ్ ఉందిగా. పాతిక బంగారు నాణాలు. అందులో అన్నీ ఉన్నట్టే లెక్క."

అన్నీ ఉన్నట్టే లెక్కట. అమావాస్య నాడు మూలిక తవ్వడానికి వెళ్ళే మాంత్రికుడికి దారిలో కనీసం ఒక పశువులకాపరి ఎదురయ్యేవాడు, కథ అక్కడ పుట్టేది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో పన్నెండు సంపుటాల పొడవునా జరిగేది అదేగా? గోపబాలుడు మజిలీ చేసిన ఊళ్ళో ఏదో వింత చూసి వస్తాడు, మణిసిద్ధుడు మణి సాయంతో దాని కథ చెబుతాడు. ఆ కుర్రాడు తిరిగి చూసి రాకపోతే ఆ సిద్ధుడి మణి ఉత్త రాయి. సంచీ పాతికకి కొనేస్తే గోపడికేం పని?

ఇంతవరకూ నాదే పైచేయి. అప్పుడంది మనవరాలు, పాచిక చేతిలో తిప్పుతూ: "మీ రోజుల్లో నిజంగా మంత్రగత్తె అని ఎవరినైనా అంటే ఏం చేసేవారు తాతయ్యా?"

చిల్లంగి అనేవారు మా వైపు. తెలంగాణలో బాణామతి. జ్వరమొచ్చి బిడ్డ పోతే ఊరి చివర ఒంటరి ముసలిదాని మీద పడేవారు. మంత్రం పలకకుండా పళ్ళు ఊడగొట్టేవారు. అదీ నోటితో పలకడమనే అంగమే. ఈ బల్ల దగ్గర ఒక పిల్ల మంత్రగత్తెగా ఆడుతోంది, ఊరు ఊరంతా ఆమెకి దండం పెడుతోంది. నేనేం జవాబు చెప్పలేదు. కాఫీ తాగాను.

చివరి గదిలో ఒక శవంలాంటివాడు సింహాసనం మీద ఉన్నాడు. పేరు లిచ్. ఎంత నరికినా చావడు. ప్రాణాన్ని ఒక పెట్టెలో పెట్టి ఇంకెక్కడో దాచుకున్నాడట. "మన మాయల ఫకీరే తాతయ్యా! హారీ పాటర్‌లో కూడా ఉంటాడు ఇలాంటివాడు" అన్నారు పిల్లలు.

కాదు. మాయల ఫకీరు వేరు. మా నాయనమ్మ బాలనాగమ్మ కథ చెబుతుంటే ఎన్నిసార్లు విన్నానో. భిక్షకి వచ్చి, ఆ ఇల్లాలిని కుక్కని చేసి తీసుకుపోయాడు. వెతుక్కుంటూ వచ్చిన మొగుణ్ణి, సైన్యాన్ని రాళ్ళు చేశాడు. ఇంత చేసి, ఆమె నోము అంటే ఆగాడు. ఏళ్ళ తరబడి. ప్రియురాలు సంగు పక్కన రుసరుసలాడుతున్నా ఆగాడు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం పెట్టుకున్నవాడు, ఈ లిచ్‌లాగా పెట్టె చుట్టూ బోనులు పెట్టి నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా? చెప్పేశాడు. ఆమె రెండు మంచి మాటలు మాట్లాడితే, తన ప్రాణం ఎక్కడుందో తనే చెప్పేశాడు. ఆమె కొడుకు బాలవర్ధిరాజు వెళ్ళి ఆ చిలకని పట్టుకొచ్చాడు. చిన్నప్పుడు నేను, వెధవ, ఎందుకు చెప్పాడు అని అరిచేవాణ్ణి. నాయనమ్మ తమలపాకుకి సున్నం రాసుకుంటూ నవ్వేది.

ఆట అర్ధరాత్రి దాటింది. పిల్లలు బళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. మా పిల్ల పాచికలు సంచీలో వేసుకుంటూ నా కాగితం చూసింది. అంకెల కాలాలన్నీ ఖాళీ. అడుగున మార్జిన్లో మాత్రం చిలక అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది.

"ఇదేంటి తాతయ్యా? పెంపుడు జంతువా?"

"కాదు. నా ప్రాణం."

"ఎక్కడుంది?"

"చెప్తే ఎలాగే? నువ్వే కదా రాక్షసుల్ని తోలేదానివి."

నా ఎదురుగా కింద కూర్చుంది. మోకాళ్ళు నొప్పెడుతున్నాయా అంది. వచ్చే శనివారం కూడా ఆడతావా, నువ్వుంటే బాగుంది, వాళ్ళంతా నిన్నే అడుగుతున్నారు అంది. నొప్పుల నూనె సీసా తెచ్చి, మూత తీసి, అరచేతిలో పోసుకుంది.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడుంది చిలక?"

చెప్పేశాను.