పున్నమి పొద్దు, కడ్డీ బ్రేకులు

నాకు గేర్లు లేవు. కడ్డీ బ్రేకులు, తోలు సీటు, బియ్యం బస్తా ఆగే క్యారియర్, బుద్ధి పుట్టినప్పుడే మోగే బెల్లు. ఇదీ నా ఆస్తి. మా పెద్దాయన తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తాడు. నీలం బండలు, పసుపు బండలు నునుపు చేసేచోట నీళ్లూ రాతిపొడీ కలిసి తెల్లటి బురదవుతాయి. అది చైన్లోకి దూరి గట్టిపడితే కూర్చుని లింకు లింకూ గీకి తీస్తాడు. దేవుడి పటాన్ని కూడా ఇంత ఓపికగా తుడవవు కదా అని వాళ్లావిడ దెప్పుతూ ఉంటుంది.

కార్తీక పున్నమికి అనంతగిరి గుట్ట మీద అనంతపద్మనాభస్వామి జాతర. ఏటా మేమిద్దరం పోవాల్సిందే. తాండూరు నుంచి వికారాబాద్‌కు రైలుంది, బస్సుంది. అయినా కొడుకు పుట్టిన యేడు సైకిలు మీదే వస్తానని మొక్కుకున్నాడట. స్వామి అట్లాంటి షరతు పెట్టి ఉంటాడని నేననుకోను. తొక్కేది ఆయన, మధ్యలో నాకేం?

2025లో పున్నమి నవంబరు 5న పడింది. దానికి రెండు రోజుల ముందు, సోమవారం పొద్దున, హైదరాబాద్ పోతున్న తాండూరు డిపో బస్సు, కంకర టిప్పరు చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో ఢీకొన్నాయి. 19 మంది పోయారు. ఆదివారానికి ఇంటికొచ్చి మళ్లీ కాలేజీకో కొలువుకో పోయేవాళ్లు ఎక్కే వేళ అది. ఊరు ఊరంతా గుండె జారిపోయింది. “ఈయేడు వద్దు తియ్యి” అంది వాళ్లావిడ. ఆయన జవాబు చెప్పలేదు. నా టైర్లు బొటనవేలితో నొక్కి చూసి, పంపు తెచ్చి గాలి కొట్టాడు.

చీకటుండగానే బయల్దేరాం. వికారాబాద్ దాకా అయితే సుమారు 40 కిలోమీటర్లు, గుట్ట దానికి ఇవతలే. దారి పక్క నల్లరేగడిలో కంది పూత మీదుంది. 2022లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి తాండూరు కందిపప్పుకు గర్వం కాస్త పెరిగింది, ధర సంగతి రైతునే అడగాలి. ఎప్పుడూ రోడ్డు దిగని మనిషి ఆ రోజు వెనక టిప్పరు హారన్ వినబడితే చాలు, నన్ను మట్టిలోకి దింపి ఆగిపోయాడు. అది దాటిపోయాక కూడా హ్యాండిల్ మీద పట్టు వెంటనే వదల్లేదు. రబ్బరు గ్రిప్పుల్లోంచి చెమట నాకు తెలుస్తూనే ఉంది.

ధారూరులో చాయ్. అక్కడ మెథడిస్టు క్రైస్తవుల జాతర కూడా నవంబరులోనే. ఊళ్లకు ఊళ్లు తరలొచ్చి గుడారాలు వేసుకుంటాయి. హోటల్లో గోడకు సిలువ. దాని కిందే నిలబడి చాయ్ పోస్తూ హోటలాయన, “గుట్టకా? నా పేరు మీద గూడ ఓ దండం పెట్టు” అన్నాడు. డబ్బులు మాత్రం లెక్కగా తీసుకున్నాడు.

ఘాటు మీద నేను ఆయన్ను మోయలేదు, ఆయనే నన్ను తోసుకుపోయాడు. ఈ గుట్టల్లోనే మూసీ పుట్టేది. తూర్పుకు జారిన వాన మూసీలో పడి హైదరాబాద్ చూస్తుంది, పడమటికి జారింది కాగ్నాలో కలిసి భీమకు పోతుంది. చివరికి రెండు నీళ్లూ కృష్ణకే. గుళ్లో ఏం జరిగిందో మాత్రం చెప్పలేను. నన్ను చెట్టుకు తాళమేసి పోయాడు. ఏటా తొందరగానే వచ్చేవాడు, ఈసారి చాలాసేపు రాలేదు.

దిగేటప్పుడు భక్తులందరూ స్వామిని తలుచుకుంటారు. ఆ కాసేపు మా పెద్దాయన ప్రాణం నాలుగు రబ్బరు ముక్కల మీద ఉంటుంది. ఒక్కోటి చిటికెన వేలంత. కడ్డీ నొక్కితే అవి రిమ్మును లోపలి అంచున పట్టుకుంటాయి. అరిగాయని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మలుపు మలుపుకూ కీచుమంటూనే దిగాం. ధారూరు దాటాక ముల్లు దిగింది. పంచరు షాపు పిల్లాడు ట్యూబును నీళ్లలో ముంచి, బుడగ లేచిన చోట వేలు పెట్టి, గరుకు కాగితంతో రుద్ది అతుకు వేశాడు. “జాతర నుంచా, కాకా?” అని సగం డబ్బులే అడిగాడు. కాకా పూర్తిగా ఇచ్చి, కొబ్బరి చిప్ప కూడా చేతిలో పెట్టాడు.

పొద్దుగూకేసరికి తాండూరు. ఏటా గడపలో కాలు పెడుతూనే ఆయన అనే మాట ఒకటుంది: “స్వామే తోడుండి తెచ్చిండు.” ఈసారి స్టాండు వేశాడు, నోరు తెరిచాడు, అనలేదు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. కాళ్లు కడుక్కుంటూ అన్నాడు:

“ఆ బస్సుల ఎక్కినోళ్లు గూడ పొద్దుగాల దండం పెట్టుకొనే ఎక్కి ఉంటరు గద.”

ఆమె దానికేమీ చెప్పలేదు. “అన్నం తిను ముందు” అంది. ప్రసాదం పొట్లం విప్పి ఇంత కుంకుమ తీసి నా హ్యాండిల్‌కు పెట్టింది. అది ఏటా ఆయన చేసే పని. మిగిలిన కొబ్బరిని వాడకట్టులో పంచడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగి, “వచ్చేయేడు రైల్ల పోదువు” అంది.

“సూద్దాం. రేపు దీనికి బ్రేకు రబ్బర్లు ఎయ్యాలె” అన్నాడాయన.