కాల్చని ఇటుకకు నీళ్లైనా కొట్టండి

మా రోజుల్లో లాల్‌దర్వాజాలో ఎవరైనా ఇల్లు మొదలుపెడితే ముందు సున్నం గానుగ తిరిగేది. సున్నం, ఇసుకతో పాటు అందులో సుర్ఖీ పడేది. పాత గోడ పగలగొట్టగా వచ్చిన ఇటుక ముక్కల్ని మెత్తగా దంచితే అదే సుర్ఖీ. ఆ డంగు సున్నం బాగా నానేదాకా సుతారి తాపీ పట్టేవాడు కాదు. ఇంటివాళ్లు తొందరపెట్టినా వినేవాడు కాదు.

ఇప్పుడో! పాత దేవిడీని జేసీబీ ఒక్క పూటలో నేలమట్టం చేస్తుంది. తెల్లారేసరికి ఆ శిథిలాలు మూసీ ఒడ్డున ఉంటాయి. వాటిని మరపట్టి మళ్లీ వాడుకునే కేంద్రాలు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి. అంతదూరం మోయడానికి మాత్రం ఎవరికీ ఓపిక లేదు.

బూడిద ఇటుక గతీ ఇంతే. అది మంచి ఇటుక, నేను దాని పక్షమే. రామగుండం, పాల్వంచ థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలే బూడిదకు సున్నం, జిప్సం కలిపితే బట్టీ లేకుండానే ఇటుక తయారవుతుంది. విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ దీన్నే ఫాల్-జి పేరుతో రూపొందించారు. బూడిదలోని సిలికా తడి తగిలినప్పుడు సున్నంతో కలిసి గట్టిపడుతుంది. మా సుర్ఖీ చేసిందీ అదే పని. 1591 నాటి చార్మినార్ రాళ్లను పట్టి ఉంచిందీ సున్నమే కదా! పొలాల పైమట్టి బట్టీల పాలు కాకూడదనే, థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు చేసే మట్టి ఇటుకల్లో కనీసం 25 శాతం బూడిద కలపాలని 1999లోనే కేంద్రం ఆదేశించింది.

నా బాధల్లా ఈ తొందర గురించే. నిప్పు చేయాల్సిన పనిని ఇక్కడ నీళ్లూ రోజులూ చేయాలి. అచ్చు తీశాక రెండు మూడు వారాలు తడుపుతూ ఉండాలి. ఈ కాలపువాళ్లు పచ్చి ఇటుకనే లారీకెక్కిస్తున్నారు. మా గల్లీలో ఒక ఇంటికి అలా దిగిన లోడులో పట్టుకుంటే చాలు అంచులు రాలాయి. చూసినవాళ్లంతా బూడిద ఇటుకే దండగన్నారు. సరిగ్గా తడపకుండా అమ్మినవాణ్ని ఒక్కరూ అడగలేదు.

కొనేముందు ఎప్పుడు పోశారు, ఎన్నాళ్లు తడిపారు అని అడగండి. బాగా ఆరిన ఇటుకను తూచి, రోజంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ తూయండి. బరువు ఐదో వంతుకు మించి పెరిగితే ఆ లోడు వెనక్కి పంపండి.