ఆఫీసుకెళ్ళిన మేడమీది అబ్బాయి

మా ఎదురింటి పిన్నిగారిని ‘అబ్బాయి ఉన్నాడాండీ?’ అని అడిగి చూడండి. ‘ఆఫీసుకెళ్ళాడు నాయనా, ఎనిమిదింటికి గానీ రాడు’ అంటారు. ఆ మాట పూర్తవకుండానే మేడమీంచి ‘యామ్ ఐ ఆడిబుల్?’ అంటూ వాడి గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. పిన్నిగారి మొహంలో మాత్రం తొణుకూ బెణుకూ ఉండదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మాదాపూర్ నుంచి లాప్‌టాప్ సంచీతో అమలాపురంలో దిగాడు. తోటివాళ్ళు చాలామంది తిరిగి వెళ్ళిపోయినా, వీడి పని బాగుందని కంపెనీ వీణ్ణి ఇంట్లోనే ఉండనిచ్చింది.

మొదట్లో హాల్లో కూర్చునేవాడు. హాల్లో కూర్చున్న కొడుకు ఖాళీగా ఉన్నట్టే లెక్క. కరివేపాకు తేవాలన్నా, అటకమీది జాడీ దించాలన్నా ‘ఒరేయ్, ఎలాగూ కూర్చునే ఉన్నావుగా!’ ఓ సాయంత్రం పిన్నిగారు పప్పు కుక్కర్ వాడికి అప్పజెప్పి గుడికెళ్ళారు. మూడు విజిల్స్ రాగానే కట్టెయ్యాలి. మైకు మ్యూట్‌లో ఉందనుకుని మీటింగు మధ్యలో ‘రెండయ్యాయి, ఇంకొక్కటి’ అని పైకే లెక్కపెట్టాడు. న్యూజెర్సీలో మేనేజరూ తెలుగువాడే. ‘ముందు వెళ్ళి కట్టేసి రా బాబూ, మాడిపోతుంది’ అన్నాట్ట.

మర్నాడే పాత ఐడీ కార్డు బయటికొచ్చింది. స్నానం, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, మెళ్ళో ట్యాగు. గేటు తీసుకుని రామాలయం దాకా నడిచి, వెనక్కొచ్చి మేడెక్కుతాడు. అదే ఆఫీసు ప్రయాణం. ట్యాగు మెళ్ళో ఉంటే ఉద్యోగి, తీస్తే కొడుకు. ఈ ఒప్పందం పిన్నిగారికి ఎంత ఒంటబట్టిందంటే, కాఫీ కూడా తలుపు కొట్టి ఇస్తారు.

కరెంటు పోతే మేడగదిలో ఫ్యాన్ ఆగుతుంది గానీ రౌటర్ ఆగదు, ఇన్వర్టర్ దానికే అంకితం. కేబుల్ తెగితే ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధం. అయిదు నిమిషాలు కదలకపోతే ఆఫీసు మీటింగుల యాప్ టీమ్స్‌లో పేరు పక్కనుండే పచ్చచుక్క పసుపైపోతుందని తోటివాళ్ళు ఊరికే మౌసు కదుపుతూ కూర్చుంటారు. వీడికా గోల లేదు. లేచేముందు ఇవాళ ఏం అయింది, ఏం ఆగింది, ఎవరి దగ్గర ఆగింది అని నాలుగు లైన్లు రాసి పడేస్తాడు. అది చదివిన మేనేజరుకి చుక్క రంగుతో పనేముంది?

ఒక్క అమెరికా గడియారమే వీడి మాట వినదు. నవంబరులో అక్కడ గంట వెనక్కి తిప్పగానే ఆరున్నర మీటింగు ఏడున్నరకి జరుగుతుంది, ఎదురింట్లో భోజనాలూ దాంతోపాటే జరుగుతాయి. అయినా మీటింగు కాగానే లాప్‌టాప్ మూసి, ట్యాగు మేకుకి తగిలించి కిందికి దిగుతాడు. ఆ తర్వాత ఫోన్ మోగినా, కొంప మునిగే పనైతే తప్ప ఎత్తడు. ఈ తగిలించడం చేతకాకే చాలామందికి ఇల్లంతా ఆఫీసైపోయింది.

మీ ఇంట్లోనూ ఇలాంటి ఉద్యోగి ఉంటే, ట్యాగు మెళ్ళో ఉన్నంతసేపూ పని చెప్పకండి. తీశాక మాత్రం మొహమాటపడకుండా బజారు సంచీ చేతికివ్వండి.