అమ్మిన ఆటకు తాళం వేస్తారా?

మా రోజుల్లో లైనక్స్‌కి ఆటలే ఉండేవి కావని ఈ కాలం కుర్రాళ్లు అనుకుంటున్నారు. ఎవరు చెప్పారో గానీ అది పచ్చి అబద్ధం. డూమ్ ఆట 1994లోనే లైనక్స్ మీద నడిచింది. లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ 1.0 వచ్చి అప్పటికి ఏడాది కూడా తిరగలేదు. లైనక్స్ వాడేవాళ్లు ఎందరున్నారు, ఎన్ని కాపీలు పోతాయి అని లెక్కలు వేసుకుని చేసిన పని కాదది. ఆ ఆట చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే డేవ్ టేలర్‌కి లైనక్స్ అంటే ఇష్టం, కూర్చుని చేశాడు. 1996లో క్వేక్ వచ్చింది, అదీ లైనక్స్‌కి చేరింది. 1997 డిసెంబరులో ఐడీకే చెందిన జాన్ కార్మాక్ డూమ్ సోర్స్ కోడ్‌ని లోకం ముందు పెట్టాడు. ఆ రోజు బయటికొచ్చింది లైనక్స్ వెర్షన్ కోడే. డాస్ వెర్షన్‌లో వాడిన సౌండ్ లైబ్రరీ వేరేవాళ్లది కాబట్టి దాన్ని ఇవ్వడానికి వీల్లేకపోయింది. ఇవాళ ప్రింటర్ల మీదా కాలిక్యులేటర్ల మీదా డూమ్ నడిపించి వీడియోలు పెడుతున్నారే, ఆ ముచ్చటకంతా మూలం ఆ కోడ్ ఇచ్చేయడమే.

అప్పట్లో మన ఊళ్లలో లైనక్స్ అంటే పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీయే. డయలప్ లైను మీద అంత సరుకు దించుకునే స్తోమత ఎవరికుంది? ఆ సీడీ వేసుకుని, మానిటర్ రిఫ్రెష్ రేటు అంకెలు ఫైల్లో చేత్తో రాసి, సౌండ్ కార్డు ఐఆర్‌క్యూ నంబరు వెతికి, త్రీడీ కార్డు కోసం కెర్నల్ని మళ్లీ కంపైల్ చేసి, ఇవన్నీ దాటితే అప్పుడు ఆట మొదలయ్యేది. ఏ కార్డు కొంటే లైనక్స్‌లో పనిచేస్తుందని సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ దుకాణాల్లో అడిగితే కౌంటర్ వెనకాల కుర్రాడు తెల్లమొహం వేసేవాడు. అయినా మేం ఎవర్నీ తిట్టుకోలేదు. ఎందుకంటే కంపెనీ మాట సూటిగా ఉండేది: ప్రోగ్రామ్ ఇదిగో, సపోర్ట్ మాత్రం ఇవ్వలేం, నడిపించుకోగలిగితే నడిపించుకోండి. కష్టం మాది, ఆట కూడా మాదే. ఆ డిస్కు మా బీరువాలో ఉన్నంతకాలం దాన్ని ఆపే హక్కు ఎవరికీ లేదు.

లోకీ సాఫ్ట్‌వేర్ గురించి ఇప్పటివాళ్లకు చెప్పి తీరాలి. 1998లో కాలిఫోర్నియాలో స్కాట్ డ్రేకర్ పెట్టిన కంపెనీ అది. విండోస్ ఆటల హక్కులు కొని, లైనక్స్‌కి మార్చి, డబ్బాలో పెట్టి దుకాణంలో అమ్మడం వాళ్ల పని. 1999లో సివిలైజేషన్: కాల్ టు పవర్‌తో మొదలుపెట్టి హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ III, సిమ్‌సిటీ 3000, ఆల్ఫా సెంటారీ వరసగా తెచ్చారు. క్వేక్ IIIకి ముచ్చటగా రేకు డబ్బా కూడా చేయించారు. కానీ విండోస్ డబ్బా ముందు వచ్చేసింది. అది కొనుక్కుని లైనక్స్ ఫైలు నెట్‌లో దించుకుంటే సరిపోయేది, చాలామంది అదే చేశారు. 2002 జనవరిలో లోకీ మూతపడింది. నాకు ఇప్పటికీ బాధే. అయితే ఆ కంపెనీ పోతూ పోతూ ఏం మిగిల్చిందో చూడండి. అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా రాసిన ఎస్‌డీఎల్ లైబ్రరీ ఇవాళ లెక్కలేనన్ని ఆటల్లో ఉంది. ఓపెన్‌ఏఎల్ సౌండ్ లైబ్రరీ అయితే అక్కడే పుట్టింది. దివాలా తీసినవాళ్లు అంత ఇచ్చిపోయారు. కోట్లు గడిస్తున్నవాళ్లు ఏమిస్తున్నారని నేను అడుగుతున్నాను.

ఎపిక్ గేమ్స్ సంగతే తీసుకోండి. 2004లో అన్‌రియల్ టోర్నమెంట్ 2004 డబ్బా విప్పితే డిస్కులోనే లైనక్స్ ఇన్‌స్టాలర్ ఉండేది. వేరే డబ్బా కొనక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. దాన్ని లైనక్స్‌కి తెచ్చిన ర్యాన్ గోర్డన్ కూడా లోకీలో పనిచేసినవాడే. 2007లో అన్‌రియల్ టోర్నమెంట్ 3 వచ్చింది. లైనక్స్ వెర్షన్ వస్తుందన్నారు. ఏళ్లు గడిచాయి, అది రానేలేదు, ఎందుకు రాలేదో సరిగ్గా చెప్పిన నాథుడూ లేడు. తర్వాత రాకెట్ లీగ్. ఆ ఆట చేసిన సయోనిక్స్ వాళ్లు 2016లో లైనక్స్ వెర్షన్ ఇచ్చారు, జనం డబ్బు పెట్టి కొన్నారు. 2019లో ఆ కంపెనీని ఎపిక్ కొనేసింది. 2020 జనవరిలో ప్రకటన, మార్చిలో లైనక్స్, మ్యాక్ వాళ్లకు ఆన్‌లైన్ ఆట బంద్. రెండూ కలిపినా ఆడేవాళ్లలో 0.3 శాతం లేరన్నారు, డైరెక్ట్‌ఎక్స్ 11కి మారుతున్నామన్నారు. పది మంది వాడినా వెయ్యి మంది వాడినా, డబ్బు తీసుకునేటప్పుడు ఆ శాతం లెక్క ఎందుకు గుర్తుకురాలేదు? కొత్తగా తేలేం అంటే అది వ్యాపారం, ఒప్పుకుంటాను. నడుస్తున్నదాన్ని ఆపేయడం నోటికాడి కూడు లాక్కోవడం.

ఇప్పుడు చీటింగ్ పేరుతో జరుగుతున్నది ఇంకా ఘోరం. ఆన్‌లైన్ ఆటల్లో చీటింగ్ నిజమైన బెడదే, నేను కాదనను. గోడ అవతల ఉన్నవాడిని చూపించే ప్రోగ్రాములు, గురి తప్పని ప్రోగ్రాములు అమ్ముకుని బతికే ముఠాలున్నాయి. వాటిని పట్టుకోవడానికి కంపెనీలు మన కంప్యూటర్‌లో కెర్నల్ దాకా దిగే కాపలా ప్రోగ్రాములు పెడుతున్నాయి. విండోస్‌లో ఎవరి చేతిలోనైనా ఒకటే కెర్నల్. లైనక్స్‌లో ఎవరికి కావాల్సినట్టు వాళ్లు కెర్నల్ కట్టుకోవచ్చు. అందుకే కాపలాకు కుదరదంటారు. ఎపిక్ వాళ్ల ఫోర్ట్‌నైట్ లైనక్స్‌కి ఎందుకు ఇవ్వరంటే 2022లో ఆ కంపెనీ అధిపతి టిమ్ స్వీనీ చెప్పిన కారణం ఇంచుమించు ఇదే. చిత్రమేమిటంటే ఈజీ యాంటీ చీట్ అనే కాపలా ప్రోగ్రామ్ ఎపిక్‌దే. 2021 సెప్టెంబరులో దాన్ని, విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపించే ప్రోటాన్ మీద పనిచేసేలా సిద్ధం చేసి, ఇక మీ ఆటకు వాడుకోండి అని మిగతా కంపెనీలకు చెప్పింది కూడా వాళ్లే. బాటిల్‌ఐ అనే మరో కాపలా ప్రోగ్రామ్ వాళ్లు సైతం అదే నెలలో సరేనన్నారు. ఆట తయారుచేసినవాళ్లు ఒప్పుకుంటే చాలు, లైనక్స్ తలుపు తెరుచుకుంటుంది. ఒప్పుకోనివాళ్లే ఎక్కువ. 2024 సెప్టెంబరులో జీటీఏ ఆన్‌లైన్‌లో బాటిల్‌ఐ చేర్చారు, లైనక్స్ వాళ్లంతా ఒక్కసారిగా బయట నిలబడ్డారు. ఏపెక్స్ లెజెండ్స్ 2022లో తలుపు తీసి, 2024 అక్టోబర్ 31న మూసింది. లైనక్స్ దారిన చీటర్లు వస్తున్నారన్నారు. సరే, మూశారు కదా, విండోస్‌లో చీటర్లు మాయమయ్యారా? ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టుంది వ్యవహారం.

మా రోజుల్లో చీటర్లు లేరా? ఉన్నారు. 2003లో వోల్ఫెన్‌స్టైన్: ఎనిమీ టెరిటరీని ఉచితంగా ఇచ్చారు, లైనక్స్ వెర్షన్‌తో సహా. దానికి పంక్‌బస్టర్ అనే కాపలా ఉండేది, అదీ లైనక్స్‌కి వచ్చేది. పైగా సర్వర్లు ఆడేవాళ్ల చేతిలో ఉండేవి. వెధవ పని చేసినవాడిని సర్వర్ నడిపే మనిషి చూసి, తేల్చుకుని, వాడొక్కడినే గెంటేసేవాడు. ఆ సర్వర్లు చాలావరకు నడిచింది లైనక్స్ మీదే. ఇప్పటి ఆటల కంపెనీల సర్వర్ గదుల్లోనూ లైనక్స్‌కి కొదవ లేదు. సొంత పనికి నమ్మకమైన లైనక్స్, ఆడేవాడి ఇంట్లోకి వచ్చేసరికి అనుమానమైనదైపోతుందా?

గుంటూరులో మా మేనల్లుడున్నాడు, ఇంటర్ చదువుతున్నాడు. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, వాడి కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాదంది. బంగారంలాంటి మిషన్ని పాత సామాన్లవాడికి వేయడం ఎందుకని నేనే లైనక్స్ ఎక్కించాను. వాడి ఆటలు ఒక్కొక్కటే మొదలయ్యాయి, వాడి మొహం వెలిగిపోయింది. దాచుకున్న పండగ డబ్బులతో కొనుక్కున్న ఒక ఆట మాత్రం లోపలికి రానివ్వలేదు. తెర మీద ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వచ్చింది. 'మామయ్యా, నేనేం చేశానని నన్ను దొంగలా చూస్తోంది?' అన్నాడు. ఆ కంపెనీకి ఉత్తరం రాస్తే ఆ సిస్టమ్‌ని మేం సపోర్ట్ చేయం అని ఒక్క ముక్క జవాబు. ఆ పిల్లాడికి నేనేం చెప్పాలి?

లైనక్స్ వాళ్లతో తలనొప్పి ఎక్కువ, లాభం తక్కువ అని ఇంకో మాట తిరుగుతుంటుంది. ప్లానెటరీ యానిహిలేషన్ ఆట మీద పనిచేసిన ఒక డెవలపర్ తన అనుభవంలో అలాగే జరిగిందన్నాడు, ఆయన మాటను నేను కొట్టిపారేయను. కానీ డెల్టా-వీ: రింగ్స్ ఆఫ్ శాటర్న్ చేసిన పోలండ్ డెవలపర్ 2021లో బయటపెట్టిన లెక్క కూడా చదవాలి. అమ్మకాల్లో లైనక్స్ వాళ్లు 5.8 శాతం. తప్పులు చూపిస్తూ వచ్చిన రిపోర్టుల్లో వాళ్లవి 38 శాతం. ఇంతవరకు విని చాలామంది ఆగిపోతారు. వాళ్లు పంపిన దాదాపు నాలుగు వందల రిపోర్టుల్లో లైనక్స్‌కి మాత్రమే సంబంధించినవి మూడంటే మూడు. మిగతా తప్పులు అందరి కంప్యూటర్లలోనూ ఉన్నవే, విండోస్ వాడేవాళ్లు చెప్పకుండా ఊరుకున్నారు, లైనక్స్ వాళ్లు లాగ్ ఫైళ్లతో సహా వివరంగా రాశారు. జీతం ఇచ్చి పెట్టుకున్నా దొరకని పరీక్షకులు వాళ్లని ఆయనే సంతోషించాడు. ఆటను బాగుచేసి పెట్టే మనుషుల్ని తలనొప్పి అనడం అన్యాయం.

వాల్వ్ కంపెనీకి ఋణపడి ఉన్నామని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. 2013లో ఆటలు అమ్మే తన స్టీమ్‌ని లైనక్స్‌కి తెచ్చింది. 2018లో ప్రోటాన్ ఇచ్చింది. దాని వెనక 1993 నుంచి విండోస్ ప్రోగ్రాముల్ని లైనక్స్‌లో నడిపించే వైన్ కోసం చెమటోడ్చినవాళ్లున్నారు, డైరెక్ట్‌ఎక్స్ ఆటల్ని లైనక్స్‌లో తెర మీదికి తెచ్చే డీఎక్స్‌వీకే రాసిన ఫిలిప్ రెబోలే ఉన్నాడు. విండోస్ ఆట విండోస్ లేకుండా నడవడం మా తరం కలగన్న సంగతి. కానీ ప్రోటాన్ వచ్చాక ఆట చేసేవాళ్లకు చేతులు దులుపుకోవడం అలవాటైంది. నడిస్తే డబ్బు వాళ్లది, నడవకపోతే తప్పు వాల్వ్‌ది. ఒక అప్‌డేట్‌తో పాడైతే అడిగే దిక్కు లేదు. లైనక్స్‌లో ఒక్కసారి తెరిచి చూసి విడుదల చేయడానికి అంత పెద్ద కంపెనీలకు ఎంత ఖర్చవుతుంది?

చేయాలనుకున్నవాళ్లు చేస్తూనే ఉన్నారు. చెక్ దేశపు చిన్న బృందం చేసిన ఫ్యాక్టోరియో ఆట ఉంది. లైనక్స్‌లో అది ఆట ఆపకుండా వెనకాలే సేవ్ చేసుకుంటుంది. ఫోర్క్ అనే పాత యూనిక్స్ సదుపాయాన్ని వాడి చేసిన పని అది, విండోస్‌లో ఆ వీలు లేదు. బాల్డర్స్ గేట్ 3 వచ్చిన రెండేళ్లకు, 2025 సెప్టెంబరులో ఆ ఆట చేసిన లారియన్ వాళ్లు వాల్వ్ చేతి మిషన్ స్టీమ్ డెక్ కోసం అసలైన లైనక్స్ వెర్షన్ ఇచ్చారు. అమ్మకాల హోరు తగ్గాక కూడా పనిచేసి ఇచ్చారంటే అది ఆట మీద ప్రేమే.

ఆటలు చేసే పిల్లలకు, వాళ్ల మీద కూర్చున్న పెద్దలకు నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. లైనక్స్‌కి ఇవ్వలేకపోతే మొదటి రోజే చెప్పండి, కొనం. ఇచ్చాక తీసేయాల్సివస్తే ఆఖరి వెర్షన్ మా దగ్గర ఉండనివ్వండి, సర్వర్ ప్రోగ్రామ్ మా చేతికివ్వండి, మాలో మేం ఆడుకుంటాం. అదీ కుదరకపోతే డబ్బు తిరిగివ్వండి. స్టీమ్ మామూలు నియమం ప్రకారం కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకు మించి ఆడకపోతేనే వాపసు. రెండేళ్లు ఆడాక తలుపు మూస్తే ఆ నియమం ఎవరికి పనికొస్తుంది? రస్ట్ ఆట చేసే ఫేస్‌పంచ్ 2019లో లైనక్స్ క్లయింట్ ఆపేసినప్పుడు, లైనక్స్‌లో ఆడినవాళ్లకు డబ్బు తిరిగిచ్చే ఏర్పాటు చేసింది. రాకెట్ లీగ్‌కి కూడా గొడవయ్యాక వాపసు ఇచ్చారు. కాబట్టి కుదరదనే మాట నా దగ్గర చెల్లదు.