ముదా నుంచి ముద్దకి

జంషెడ్‌పూర్‌లో కార్ఖానా గేటు దాటినవాడెవడికైనా నాలుగు జపాను ముక్కలు వచ్చి తీరాలి. మా నాన్నగారి తరం శ్రీకాకుళంలో రైలెక్కి వచ్చి హిందీ, బెంగాలీ, ఒడియా నేర్చుకుంటే, మా తరం షాపు గోడల మీది బోర్డులు చూసి జపనీసు నేర్చుకుంది. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. అంటే అక్కర్లేనిది తీసెయ్, ఉన్నది సర్దు, ఊడువు, ఊడ్చింది ఊడ్చినట్టే ఉంచు, రేపు కూడా ఇదే చెయ్. కైజెన్ అంటే ఇంకా బాగా చెయ్. ముదా అంటే దండగ. టాటా స్టీల్‌కి 2008లో డెమింగ్ బహుమతి, 2012లో దాని పెద్దన్న డెమింగ్ గ్రాండ్ ప్రైజూ వచ్చాయి. (డెమింగ్ అమెరికా ఆయన, బహుమతి జపానువాళ్ళది, చెమట మా ఊరిది.) ఇంత చదువూ చదివాక జపనీసు చీపురు చేత్తో పట్టుకుని మాట్లాడే భాషని నాకు గట్టి నమ్మకం. వాళ్ళూ అన్నం తింటారనీ, తిని ఏదో ఒకటంటారనీ తోచనే లేదు.

రిటైరయ్యాక తోచింది. మా అమ్మాయి నగోయాలో కాపురం పెట్టింది. వెళితే పక్కింటివాళ్ళు ఏదో ఒకటి పెడతారు కదా, తిని బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటే ఏం మర్యాద? ఫోనులో పాఠాలు మొదలెట్టాను. మొదటి మాట ఓయిషీ. బాగుంది అని. హాయిగా అనిపించింది. పెళ్ళయినప్పట్నుంచీ ఇంట్లో వంట గురించి నేను వాడుతున్న మాట కూడా అదొక్కటే.

అక్కడితో వదిలితే జపానువాళ్ళెందుకవుతారు? పులుపు సుప్పాయ్, చేదు నిగాయ్. కారం ఏమిటో తెలుసా? కరాయ్! మన కారానికి అక్కడ మేనత్త ఉందేమోనని మురిసిపోయాను. సుసుము ఓనో అనే జపాను పండితుడు వాళ్ళ భాషకీ తమిళానికీ చుట్టరికం కలిపాడు. భాషాశాస్త్రజ్ఞులు చాలామంది ఆ సంబంధం ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను, కలిపేవాడు తెలుగుతో కలపొచ్చుగా. ఇక ఆ కరాయ్‌ని రాసే అక్షరాన్నే త్సురాయ్ అని కూడా చదువుతారు. అప్పుడు దానర్థం కష్టంగా ఉంది, భరించలేను అని. ఆ లిపి కట్టినవాడు గుంటూరులో భోంచేసి ఉంటాడు.

వగరు దగ్గర మాత్రం నిజంగా చుట్టరికం ఉంది. ఎండాకాలం దల్మా కొండల వైపు నుంచి ఆదివాసీ స్త్రీలు బుట్టల్లో కేందు పళ్ళు తెస్తారు. మన తునికి పండే, బీడీ ఆకు చెట్టుది. జపానువాళ్ళు ప్రాణం పెట్టే కాకి పండు (పక్షికి సంబంధం లేదు) దీనికి దాయాది. పచ్చిది కొరికితే రెండూ నాలుకని ఒకేలా పట్టేస్తాయి. ఆ వగరు షిబుయ్. వగరు కాకుల్ని తొక్క తీసి, దండెం మీద వేలాడదీసి, ఎండబెట్టి తీపి చేసుకుంటారట. వయసు మళ్ళి, ఆర్భాటం లేకుండా అందంగా కనబడే మగవాణ్ణి కూడా షిబుయ్ అని మెచ్చుకుంటారు. ఈ సంగతి మా ఆవిడకి చెప్పి కాసేపు ఎదురుచూశాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది.

అసలు గొడవ చేమదుంపల పులుసుతో వచ్చింది. గొంతులో చిన్న గీరుడు. దానికి ఎగుయ్ అని ప్రత్యేకంగా మాట ఉంది. చేమదుంపల్లో సూదుల్లాంటి స్ఫటికాలు చేసే పని అది. మాట దొరికిన సంబరంలో పైకి అనేశాను.

“ఏటండీ ఆ గొణుగుడు?”

చెప్పాను.

“ఇన్నేళ్ళూ గొంతు గీరుతోందని తెలుగులో ఒక్క ముక్క అంటే ఇంకాస్త చింతపండు పిసికేదాన్ని కదా!”

ఇక జంట మాటలు. నోట్లో పడ్డ వస్తువు తీరు చెప్పడానికే జపాను పరిశోధకులు నాలుగు వందలకు పైగా మాటలు పోగేశారు, అందులో ఎక్కువ భాగం మన కరకర, మెత్తమెత్త లాంటివే. పల్చటి అప్పడం పరిపరి. వేగిన గారె అంచు కరికరి, లోపల ఫువఫువ. నోట్లో తడి పీల్చేసేది పసపస. ఉప్మా పసపస అన్న రోజు రాత్రి నాకు ఉప్మాయే పెట్టారు. బెండకాయ జిగురు పోవాలని మా ఆవిడ తుడిచి, ఆరబెట్టి, మజ్జిగచుక్క వేసి తిప్పలు పడుతుంది; ఆ జిగురే నెబనెబ అని వాళ్ళు లొట్టలేస్తారు. ఇది చెప్పినందుకు మర్నాడు బెండకాయ తుడవకుండా వండింది.

ఉమామి అనే రుచి ఒకటి మిగిలింది. మా ఊరి సాక్చిలో ఇనుం కరగకముందే, 1908లో, టోక్యోలో ఇకెదా అనే ప్రొఫెసరు సముద్రపు నాచు చారులోంచి దాన్ని పట్టుకున్నాడు. మరుసటి ఏడే అజినొమోతో అని అమ్మకానికొచ్చింది. బిష్టుపూర్ రామమందిరం ఉగాది పచ్చడిలో ఆరు రుచులూ చూసినవాణ్ణి, ఈ ఏడోది ఎక్కడని మా ఆవిడనడిగాను. “టమాటా పప్పు మూడోసారి వడ్డించుకున్నారే, అదే,” అంది. పుస్తకం చూశాను. టమాటాలో అది దండిగా ఉందట.

ఇప్పుడు మా ఆవిడ నగోయా పెట్టె సర్దుతోంది. పక్కింటివాళ్ళకి ఆవకాయ సీసా. రుచి వాళ్ళ భాషలో పైన రాయమంది. కరాయ్, సుప్పాయ్, ఆవఘాటు ముక్కుకెక్కితే త్సూన్, టెంక దగ్గర షిబుయ్, చీటీ చాలలేదు. ఆఖరికి ఆ రెండు చదువుల అక్షరం ఒక్కటే రాసి అంటించాను. ఎలా చదువుకుంటారో తిన్నవాళ్ళ ఇష్టం.